గిఫ్ట్ చెయ్యకు, ముందు లెక్క రాయి

అల్లుడు శ్రీకాంత్,

నువ్వు దోహా నుంచి పంపిన వాయిస్ మెసేజ్ విన్న. అడిగింది ఒక్కటే ముచ్చట: సుజాతతోని విడాకుల కేసు వేసేలోపల వినాయక్‌నగర్ ఇల్లు మీ అమ్మ పేరు మీదికి గిఫ్ట్ సెటిల్‌మెంట్ చేస్తే పని అయిపోతదా అని. ఉద్యోగమంతా రిజిస్ట్రేషన్ ఆఫీసులోనే గడిపిన మనిషిని గనుక నన్ను అడిగినవు. దస్తావేజు రాయించుడు, స్లాట్ బుక్ చేసుడు, ఇద్దరు సాక్షులు, ఫొటో, వేలిముద్ర. పూటల అయిపోతది. ఇంట్లోవాళ్ల మధ్య గిఫ్టుకు ఖర్చు కూడా అమ్మకం కన్నా తక్కువే. అయినా చెయ్యకు. ఎందుకు వద్దంటున్ననో, దాని బదులు ఏం చెయ్యాలో రాస్తున్న. పొడుగైతది. షిఫ్ట్ దిగినంక తీరిగ్గా చదువు.

మొదటి కారణం ఈసీ. ఇంటి నంబరు కొట్టి ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ తీస్తే ఆ ఆస్తి ఎవరి నుంచి ఎవరికి ఏ తేదీన పోయిందో వరుసగా పడుతది. నేను సీట్లో ఉన్నప్పుడు ఇట్లాంటి గిఫ్టులు చాలా చూసిన. కొడుకు తల్లికి, తమ్ముడు అన్నకు. ఎన్నడూ లేని ప్రేమ ఒక్క వారంలో పొంగుకొస్తది. కొన్నాళ్లకు ఎవరో వకీలు గుమాస్తా వచ్చి అదే డాక్యుమెంట్‌కు సర్టిఫైడ్ కాపీ కావాలంటడు. మాకు అప్పుడు తెలిసేది ఆ ఇంట్లో ఏం నడుస్తున్నదో. జడ్జి కూడా రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తడు: గిఫ్ట్ తేదీ, కేసు తేదీ. 2020 నవంబర్ 4 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత భరణం కేసు ఏదైనా సరే, ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, సంపాదన ప్రమాణపత్రంలో రాసి ఇయ్యాలె. అందులో అబద్ధం రాస్తే అది ఇంకో కేసు అయితది. ఆస్తి బదిలీ చట్టం 39వ సెక్షన్ సంగతి కూడా మీ వకీలును అడుగు. భరణం హక్కున్న మనిషిని తప్పించుకునేటందుకు ఉత్తగ రాసిచ్చిన ఆస్తి, పుచ్చుకున్నోళ్ల చేతిలో ఉన్నా, ఆ భరణానికి జవాబు చెప్పాల్సి వస్తది. అంటే రేపు కోర్టుకు నిలబడాల్సింది మీ అమ్మ. షుగరు, మోకాళ్ల నొప్పులు ఉన్న మనిషిని బోనెక్కిస్తవా?

రెండో కారణం బ్యాంకు. ఇంటి అసలు దస్తావేజులు లోను కింద బ్యాంకు బీరువాలో ఉన్నయి. బ్యాంకును అడగకుండ ఆ ఇల్లు ఇంకొకరికి రాసిస్తే వాళ్లు ఊకుంటరా? ఇగ ఎక్కువ చెప్ప.

నువ్వు ఇంకో మాట కూడా అన్నవు. "అత్తా, ఇల్లు నా పేరు మీదున్నది, చట్టం ప్రకారం ఆమెకు అందులో చారానా కూడా రాదట గదా" అని. మీ వకీలు చెప్పింది అబద్ధం కాదు. మన దగ్గర పెళ్లయినంత మాత్రాన భర్త ఆస్తిలో సగం భార్యది కాదు. ఎవరి పేరు మీద ఉంటే వాళ్లదే. గోవాలో వేరు. పోర్చుగీసోళ్ల కాలం నుంచి వచ్చిన చట్టం ప్రకారం, వేరే ఒప్పందం రాసుకోకపోతే ఆలుమగలిద్దరికీ చెరి సగం. మనోళ్లు ఎంతోమంది ఉన్న కాలిఫోర్నియా, టెక్సాస్‌లో కూడా పెళ్లి తర్వాత సంపాదించింది ఇద్దరిదీ. ఇక్కడ కూడా భర్త స్థిరాస్తిలో భార్యకు వాటా ఇద్దమని ఒక బిల్లు వచ్చి 2013 ఆగస్టులో రాజ్యసభ దాకా పోయింది. లోక్‌సభ ముగిసేసరికి అది మురిగిపోయింది. హిందూ వివాహ చట్టంలో 27వ సెక్షన్ ఒకటున్నది గాని, అది పెళ్లప్పుడు ఇద్దరికీ కలిపి పెట్టిన వస్తువుల దాకనే. నాలుగేండ్ల తర్వాత కట్టిన ఇంటి దాకా రాదు.

అంటే పంచే పని చట్టం పెట్టుకోలేదు, మీ ఇద్దరి మీద వదిలేసింది. నీకు ఈ వెసులుబాటు కనబడ్డది. నాకు కనబడేది ఇంకొకటి. కోర్టు పంచనప్పుడు న్యాయంగ పంచిండా లేదా అన్న మాట పూర్తిగ నీ మీదనే ఉంటది, జడ్జి మీదికి తోసెయ్యరాదు.

సరే, లెక్కకు వద్దం. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ సర్కారు చేతిలో ఉన్నన్నాళ్లు మీ బాపు కాటా దగ్గర పనిచేసిండు గదా. చెరుకు బండిని నిండుగ కాటా ఎక్కిస్తరు. దింపినంక ఖాళీ బండిని మళ్లీ తూస్తరు. రెండిటి తేడానే చెరుకు. ఇల్లు కూడా అంతే. ఇల్లు ఎంత పలుకుతదన్నది నిండు బండి, బ్యాంకు బాకీ ఖాళీ బండి. తేడా ఎంతో తెలువకుండ "సుజాతకు అయిదు లక్షలిచ్చి తెంపుకుంట" అని ఎట్లంటవు? ఆ అయిదు ఎక్కడ నుంచి వచ్చింది?

ధర విషయంలో నీ మీద నాకు జర అనుమానం ఉన్నది. కొనేటప్పుడు, ఇచ్చేటప్పుడు మనుషులకు సర్కారు విలువ గుర్తొస్తది, అమ్మేటప్పుడు బజారు ధర గుర్తొస్తది. రిజిస్ట్రేషన్ ఆఫీసు పుస్తకంలో ఉన్న గజం విలువ స్టాంపు డ్యూటీ కట్టేటందుకే. దాన్ని సుజాత ముందట పెట్టకు. నీకు లోనిచ్చిన బ్యాంకుకే వాల్యుయర్ ఉంటడు, ఫీజు కట్టి రిపోర్టు తీసుకో. వినాయక్‌నగర్‌లో ప్లాట్లు ఇప్పిచ్చేటోళ్లు ఇద్దరిని, నిన్నూ ఆమెనూ ఎరుగనోళ్లను, వేర్వేరుగ అడుగు. రిపోర్టును ఆ రెండు మాటల పక్కన పెట్టి చూస్తే ధర తేలుతది. ఇంకో సంగతి. నువ్వు ఇల్లు అమ్మట్లేదు, ఉంచుకుంటున్నవు. జరగని అమ్మకానికి బ్రోకరు కమీషను తీసేయరాదు.

నేను ఫోన్‌లో అడిగి తెలుసుకున్న మటుకు చూస్తే: రెండు వందల గజాల జాగా, గజం ఇరవై రెండు వేల లెక్కన 44 లక్షలు. పైన కట్టింది ఇప్పటి విలువ 26. మొత్తం 70. బ్యాంకుకు ఇంకా 11 లక్షలు కట్టేది ఉన్నది. అంటే నికరం 59. దీన్ని సగం చెయ్యమని నేననను. సగం సగం అనేది ఇద్దరూ ఖాళీ చేతులతో మొదలుపెట్టినప్పటి లెక్క. మీరిద్దరూ అట్ల మొదలుపెట్టలేదు.

జాగా నీది. ఇందులో నాకు రెండో మాట లేదు. ఆ జాగా వెనక మీ బాపు జీవితం ఉన్నది. 1937లో శక్కర్‌నగర్‌లో పెట్టిన ఆ ఫ్యాక్టరీ, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్నది, 2002లో ప్రైవేటోళ్ల చేతికి పోయింది. అప్పుడు మా తమ్ముడు వీఆర్ఎస్ తీసుకున్నడు. వచ్చిన పైసలు కొందరు చిట్టీలలో పోగొట్టుకున్నరు, కొందరు బిడ్డల పెండ్లిళ్లకు పెట్టిన్రు. వాడు నిజామాబాద్‌లో జాగా కొన్నడు. అప్పుడు ఆ దిక్కు రాత్రి పూట ఆటో కూడా పోయేది కాదు. 2015 మొదట్లో నీకు గిఫ్ట్ చేసిండు. ఆ డిసెంబర్‌లోనే ఫ్యాక్టరీ మూతపడ్డది. మిగిలింది జాగానే అని మీ అమ్మ ఇప్పటికీ ఏడుస్తది. అందుకే అది సుజాతకు పోతదేమో అని నీకు కడుపులో రంపపు కోత. నాకు అర్థమైతది. సుజాతకు కూడా అర్థమయ్యేటట్టు చెప్తే అయితది.

ఇగ పైన కట్టిన ఇల్లు. అక్కడ నీ లెక్క తప్పింది.

2016లో స్లాబ్ వేసే ముందు పైసలు చాలక సుజాత బంగారం పన్నెండు తులాలు అమ్మిన్రు. ఆ రోజుల్లో తులం ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది వేలు. మూడు లక్షల నలభై వేలు వచ్చినయని నువ్వే చెప్పినవు, "అది ఇచ్చేస్త అత్తా" అన్నవు. ఎట్ల ఇస్తవు? ఆమె నీకు రూపాయలు ఇయ్యలేదు, బంగారం ఇచ్చింది. తూకం లెక్కన తీసుకున్నది తూకం లెక్కనే తిరిగియ్యాలె. ఇయ్యాల తులం లక్ష దాటి ఎటో పోయింది. ఊరికే లెక్కకు లక్ష అనుకున్నా పన్నెండు లక్షలు. మూడు నలభై చేతిలో పెడితే ఆమె మూడున్నర తులాలు కూడా కొనలేదు. మిగతాది ఎటు పోయినట్టు?

ఇది నా చాదస్తం కాదు. పుట్టింటోళ్లు పెట్టిన బంగారం స్త్రీధనం. అది ఇద్దరి ఉమ్మడి ఆస్తి కాదని, కష్టకాలంలో భర్త వాడుకుంటే దాన్నో దాని విలువనో తిరిగియ్యాల్సిన బాధ్యత ఉంటదని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడు ఆగస్టులో మన తెలంగాణ నుంచే పోయిన ఇంకో కేసులో మరో మాట చెప్పింది. బిడ్డకు 1999లో పెండ్లి, 2016లో అమెరికాలో విడాకులు. 2021లో తండ్రి ఇక్కడ ఆమె పాత అత్తమామల మీద కేసు పెట్టిండు, బిడ్డకు పెట్టిన బంగారం వాపస్ ఇయ్యలేదని. బిడ్డ చెప్పకుండ తండ్రి కూడా అడగరాదు, అది ఆమె ఒక్కదాని సొత్తు అని కోర్టు ఆ కేసు కొట్టేసింది. ఇది రెండు దిక్కులా కోస్తది చూడు. సుజాత అన్న వచ్చి నీతోని బంగారం బేరం ఆడితే కూర్చోకు. మాట్లాడితే సుజాతతోనే మాట్లాడు.

ఇంకోటి నువ్వు మర్చిపోయినవో, మర్చిపోయినట్టున్నవో. స్లాబ్ రోజు నేను అక్కడనే ఉన్న. సిమెంటు బస్తాలు ఇంకా కావాలె, పైసలు లేవు, మేస్త్రీ కూలీలను పట్టుకుని నిలబడ్డడు. సుజాత తల్లి కొంగులో కట్టుకొచ్చిన లక్షన్నర తీసి నీ చేతిలో పెట్టింది. అది ఆమె బీడీల పీఎఫ్. ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, ఇరవై అయిదుకొక కట్ట. వెయ్యి బీడీలకింత అని కూలి, అందులో నుంచి కోత పడ్డ పైసలు. మన జిల్లాలో ఎన్ని ఇండ్లు ఆ చాట మీద లేచినయో నీకు తెలుసు, మా అమ్మది కూడా అదే ఇల్లు. ఆమె వేలి కొనలు నల్లగ అయి, గోరు పక్కన చర్మం పగిలి ఉండె. ఆ లక్షన్నరకు కాగితం లేదు, సాక్షిని నేనున్న. అది వాపస్ పోవాలె.

ఇప్పుడు కట్టడం లెక్క చూడు. మీరిద్దరు వేరుగ ఉంటున్నది 2024 జూన్ నుంచి. అప్పటి నుంచి ఈఎంఐ నువ్వొక్కనివే కడుతున్నవు. ఆ కట్టినదాంట్లో వడ్డీ ముక్క నేను లెక్క పెట్ట. సుజాత, మీ బిడ్డ చిన్నది ఆ ఇంట్లో ఉంటున్నరు, అది అద్దె కింద పోనీ. అసలు తగ్గింది మాత్రం నీది. అది రెండు లక్షలు. అంటే పంచుకునే లెక్కకు లోను 11 కాదు, 13. ఇరవై ఆరులో 13 బ్యాంకుకు, 12 బంగారానికి, ఒకటిన్నర బీడీల పైసలకు. కలిపితే ఇరవై ఆరున్నర. ఇద్దరు పంచుకునేటందుకు కట్టడంలో ఏం మిగిలింది? ఏం మిగల్లేదు, పైన యాభై వేలు తరుగు. ఆ తరుగును నేను ఆమె మీద వెయ్య. బంగారం మొత్తం తూకంలో ఇస్తున్నవు గనుక కట్టడంలో మళ్లీ సగం వాటా ఆమెకు రాదు. ఒక్క పైసను రెండు సార్లు లెక్కపెట్టుడు ఆమెకైనా తప్పే.

అక్కడితోని అయిపోయిందనుకోకు. పెండ్లిలో మూడు లక్షలు తీసుకున్నరు. కట్నం అని పేరు పెట్టకపోయినా కట్నమే. 1961 కట్నం నిషేధ చట్టం తీసుకోవద్దన్నది, తీసుకుంటే ఆ సొమ్ము పెండ్లికూతురిది, మూడు నెలల్లో ఆమెకు అప్పజెప్పాలన్నది. నువ్వు ఏం చేసినవు? నీ మొదటి ఖతర్ వీసా ఏజెంటుకు కట్టినవు. నీ జీతం మొత్తం ఆ వీసా కొమ్మ మీద కాసిందే. "ఈఎంఐలు నేను కట్టిన" అంటున్నవు గదా, కట్టినవు. ఇక్కడ బడి ఉద్యోగంలో వచ్చే పదకొండు వేలతోని ఇల్లు గడిపి, చిన్నదాని ఫీజు కట్టి, నీకు నెలకింత పంపమని ఒత్తిడి పెట్టనిది ఎవరు? తిండి ఖర్చు ఆమె మోస్తేనే నీ జీతం బ్యాంకు దాకా పోయింది. ఆ మూడు లక్షలు కూడా రాసుకో.

చివరిది, జాగా పెరిగిన విలువ. ఇక్కడ నేను చెప్పేది చట్టం కాదు, నా మాట. 2015లో మీ బాపు రాసిచ్చినప్పుడు గజం ఆరు వేలు, అంటే 12 లక్షలు. అది నీ బాపు సొమ్ము, నీది. తర్వాత పెరిగిన 32 లక్షలు ఎవరి చెమటా కాదు. చుట్టూ ఇండ్లొచ్చినయి, రోడ్డొచ్చింది. కానీ 2018లో ఖతర్‌లో పని పోయి నువ్వు ఆరు నెలలు ఇంట్లో కూర్చున్నప్పుడు ఇల్లు అమ్మేసి లారీ కొంటనన్నవు. నీకు అడ్డం పడింది ఎవరు? నేను కాదు, మీ అమ్మ కాదు. సుజాత తన చెవుల కమ్మలు తాకట్టు పెట్టి నాలుగు ఈఎంఐలు కట్టింది. అమ్మి ఉంటే ఆ పెరుగుదల ఇయ్యాల ఎవరో ఒక లారీ షెడ్డులో తుప్పు పట్టేది. అందులో నాలుగో వంతు ఆమెకు ఇయ్యాలంట నేను. ఎనిమిది లక్షలు. ఆమె వకీలు సగం అడుగుతడు, నీ వకీలు సున్నా అంటడు. నాలుగో వంతు ఎందుకంటే నాకు ఇంతకన్నా మంచి కారణం లేదు. ఆమె నిలబెట్టింది, పెట్టుబడి పెట్టింది మీ బాపు.

కూడు: బంగారం 12, పీఎఫ్ ఒకటిన్నర, కట్నం 3, జాగా పెరుగుదలలో 8. ఇరవై నాలుగున్నర లక్షలు. నీ అయిదు ఎక్కడ, ఇది ఎక్కడ. ఇదంతా ఇచ్చినా నీకు ఇల్లు ఉంటది, బ్యాంకు బాకీ పోను, ఇచ్చింది పోను ముప్పై నాలుగు లక్షల పైన నీ దగ్గర మిగులుతది. మీ బాపు పెట్టిన 12 లక్షలు దాని లోపలే భద్రంగ ఉన్నయి.

ఎక్కడ నుంచి తెస్త అంటవు. ఇంటి మీద టాప్‌అప్ లోను వస్తది, నీ జీతం స్లిప్పులు ఉన్నయి. లేకుంటే ఇంకో దారి ఉన్నది. చిన్నది ఎనిమిదో తరగతి. పదో తరగతి పరీక్షలయ్యేదాకా వాళ్లిద్దరూ ఆ ఇంట్లోనే ఉండేటట్టు, ఆ తేదీ నాడు బజారు ధరకు మళ్లీ విలువ కట్టి పైసలు ఇచ్చేటట్టు రాసుకోండ్రి. పెరిగితే ఆమెకు కలిసొస్తది, తగ్గితే నీకు. తేదీ లేకుండ "తర్వాత చూద్దం" అని మాత్రం రాయకు. "తర్వాత" అని రాసిన కాగితాలు మా ఆఫీసు గోడౌన్ నిండ ఉన్నయి.

మూడోది, అమ్మి పంచుకోవచ్చు. ఇద్దరికీ ఇంటి మీద కోపం ఉంటే అదే మంచిది. మిగిలింది ఆ జాగానే అని మీ అమ్మ ఏడుస్తది గనుక నేను దాన్ని ముందుకు పెట్టట్లేదు.

కాగితాల సంగతి. ఊర్లో గ్రామాభివృద్ధి కమిటీ దగ్గర పంచాయితీ పెట్టించి, వంద రూపాయల బాండు మీద తెగతెంపులు రాయించుకుంటే అయిపోతదని మీ చిన్నాయన అన్నడట. అట్లాంటి కాగితంతోని మీ పెండ్లి రద్దు కాదు, ఇంటి మీద హక్కు మారదు. వంద రూపాయల పైన విలువ ఉన్న స్థిరాస్తి బదిలీ రిజిస్టర్ కావాల్సిందే. కమిటీ పెద్దలు జుర్మానా వెయ్యగలుగుతరు, ఇంటి పేరు మార్చలేరు.

ఇద్దరికీ ఇష్టమైతే హిందూ వివాహ చట్టం 13బి కింద నిజామాబాద్ కోర్టులో పరస్పర అంగీకారం పిటిషన్ వెయ్యొచ్చు. ఏడాది వేరుగ ఉండాలన్న షరతు మీకు ఎప్పుడో దాటింది. పిటిషన్ వేసిన నాటి నుంచి ఆరు నెలలు ఆగమంటరు. అన్నీ సెటిలైనయని తేలితే ఆ గడువు తగ్గించే అధికారం కోర్టుకు ఉన్నదని 2017లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పైసలు రెండు ముక్కలు చెయ్యి. సగం మొదటి వాంగ్మూలం నాడు, సగం రెండోదాని నాడు, డీడీ రూపంలో. చేతికి క్యాష్ ఇయ్యకు, ఆమెను తీసుకోమనకు. పిటిషన్‌లో ఇంటి షెడ్యూల్ సరిహద్దులతో సహా రాయించండ్రి, ఎవరికి ఏం ముట్టిందో, ఇంకేం బాకీ లేదో అందులోనే రావాలె.

నీకు వకీళ్లు చెప్పని ఒక ముచ్చట. ఒకవేళ మీరు మాట్లాడుకుని ఇంటినే ఆమె పేరు మీదికి రాసియ్యాలనుకుంటే, అది డిక్రీ రాకముందే రిజిస్టర్ కావాలె. ఇన్‌కమ్ టాక్స్ లెక్కలో భార్యకు ఇచ్చింది బంధువుకు ఇచ్చినట్టు. డిక్రీ తెల్లారి ఆమె నీకు బంధువు కాదు. స్టాంపు డ్యూటీ దగ్గర కూడా అదే తేడా పడుతది. ఒక్క తేదీ తోని లక్షలు మారుతయి. ఆడిటర్‌తోని ఒకసారి మాట్లాడి తేదీలు పెట్టుకో.

హోమ్ లోనులో సుజాత కో-అప్లికెంట్. ఇల్లు నీ పేరు మీద, అప్పు ఇద్దరి పేరు మీద. ఇది మన బ్యాంకుల ఆనవాయితీ. ఆమెకు గోడ లేదు గాని బాకీ ఉన్నది. మీ విడాకుల డిక్రీకి బ్యాంకు కట్టుబడదు, నువ్వు రేపు ఈఎంఐ ఎగ్గొడితే ఫోన్లు ఆమెకు పోతయి, ఆమె సిబిల్ కూడా చెడుతది. కాబట్టి లోను నీ ఒక్కని పేరు మీదికి మార్చుకుని బ్యాంకు నుంచి ఆమె పేరు తీసేసినట్టు లెటర్ తీసుకో, దాని కాపీ ఆమెకు ఇయ్యి. వాళ్లు ఒప్పుకోకపోతే ఇంకో బ్యాంకుకు మార్చు. ఫ్లోటింగ్ రేటు ఇంటి లోను ముందుగ కట్టేస్తే జుర్మానా వసూలు చెయ్యొద్దని ఆర్బీఐ 2012లోనే బ్యాంకులకు చెప్పింది.

నువ్వు రాలేకపోతే దోహాలోని మన ఎంబసీలో స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ రాయించి పంపు. మీ అమ్మ పేరు మీద రాయకు, నీ వకీలు పేరు మీద కూడా రాయకు. నా పేరు మీద రాసినా సరే.

ఈ ఇరవై నాలుగున్నరలో కలపనివి కొన్ని ఉన్నయి. చిన్నదాని ఖర్చు దీంట్లో లేదు. అది ఆ పిల్ల హక్కు, తల్లి వదులుకుంటనని సంతకం పెట్టినా పోదు. దాన్ని బేరంలోకి తేకు. భరణం కూడా వేరే. సుజాతకు బడి జీతం ఉన్నది, నీ జీతంతోని పోల్చి ఎంతో కొంత కోర్టు చూస్తది. ఆమె వైపు నుంచి కూడా ఒక హద్దు ఉన్నది. 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చింది, భర్త ఆస్తికి సమానం చేసేటందుకు భరణం కాదని. ఆమె వకీలు "సగం ఇల్లు" అని మొదలుపెడితే ఆ తీర్పు నీ వకీలుకు తెలిసే ఉంటది. నాకు కూడా ఆ తీర్పుతోని పేచీ లేదు.

ఎడపల్లి దగ్గరి మీ తాతల నాటి భూమి సుజాతకు రాదు. ఆ భూమి మీద నీ బిడ్డకు మాత్రం, పుట్టిన హక్కుతోని, వాటా ఉంటది. విడాకులు దాన్ని తెంచవు. మాట వచ్చింది గనుక చెప్తున్న. 1985లో ఎన్టీఆర్ సర్కారు ఆడపిల్లలకు తండ్రి తాతల ఆస్తిలో వాటా ఇచ్చినప్పుడు, ఆ సెప్టెంబర్ 5 నాటికి పెండ్లి కాని పిల్లలకే అన్నరు. నాకు 1983లో అయింది. 2005లో కేంద్రం చట్టం మార్చి అందరికీ ఇచ్చింది. మీ బాపును నేను ఎన్నడూ అడుగలేదు, నిన్ను అడుగుతనని భయపడకు. కానీ పేరు మీద లేకపోతే హక్కు లేనట్టే అని నువ్వన్నప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది.

సుజాతకు వకీలు ఫీజు కష్టమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోవచ్చని చెప్పు. ఆడవాళ్లకు అక్కడ ఆదాయంతోని పని లేకుండ ఉచితంగ వకీలును ఇస్తరు. నీకెదురుగ నిలబడే మనిషికి వకీలును నేను వెతికిపెడుతున్ననని కోపం రావచ్చు. ఆమె పక్కన వకీలు లేకుండ రాయించుకున్న ఒప్పందం, నాకు బలవంతం చేసిన్రని ఆమె రేపు ఒక్క మాటంటే చాలు, వీగిపోతది. నీకు కూడా నిలిచే కాగితమే కావాలె.

ముందు ఒక పని చెయ్యి. బ్యాంకు నుంచి లోను స్టేట్‌మెంట్ పంపు. చివరి మూడు నెలలది కాదు, 2016 నుంచి మొత్తం. సుజాత కమ్మలు పెట్టి కట్టిన నాలుగు ఈఎంఐలు ఏ నెలలవో అందులో చూసి నేను గుర్తు పెడుత. బంగారం అమ్మిన రసీదు ఉంటే అది కూడా. లేకుంటే పెండ్లి ఆల్బం మా ఇంట్లో ఒక కాపీ ఉన్నది, నగలు అందులో చూసి ఒక్కొక్కటి రాస్త. రాసింది ఇద్దరికీ ఒక్కసారే పంపుత, ముందు నీకు, తర్వాత ఆమెకు అని లేదు.

మీ అమ్మకు ఈ జాబు చూపియ్యకు. నేనే ఆదివారం బోధన్ పోయి మాట్లాడుత.

నీ మేనత్త